గోల్ఫ్ కార్టులో స్నోమొబైల్ ఇంజన్: వేడెక్కకుండా ఏ పద్ధతి ఎంచుకోవాలి?

మినెసోటాలో మేముండే వైపు చాలా గరాజ్‌లలో ఒక పాత స్నోమొబైల్, అంటే ముందు స్కీలు, వెనక తిరిగే రబ్బరు ట్రాక్‌తో మంచు మీద నడిచే బండి, మూలన పడి ఉంటుంది. స్నోమొబైల్ కంపెనీల్లో పోలారిస్ పుట్టిన రోజో (Roseau) అనే ఊరు, ఆర్కిటిక్ క్యాట్ పుట్టిన థీఫ్ రివర్ ఫాల్స్ ఈ రాష్ట్రంలోవే కదా. ట్రాక్ చిరిగి, స్కీలు వంగి బండి పనికిరాకుండా పోయినా, ఇంజన్ మాత్రం తాడు రెండుసార్లు లాగితే అందుకుంటుంది. అదే గరాజ్‌లోకి ఓ పాత గోల్ఫ్ కార్టు వచ్చిందంటే, ఆ ఇంజన్ ఇందులో పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన రాక మానదు. పెట్రోల్ కార్టులో కంపెనీ ఇచ్చే ఇంజన్ సుమారు 300 సీసీ, 9 హార్స్ పవర్ దగ్గర ఉంటుంది. వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ ఉంటుంది కాబట్టి గంటకు 20, 25 కిలోమీటర్లు దాటదు. పాత స్నోమొబైల్ ఇంజన్ అంటే 440, 500 సీసీ, 40 నుంచి 50 హార్స్ పవర్.

ఇంజన్ సీటు కింద పడుతుందా, మౌంట్లు ఎవరు వెల్డింగ్ చేస్తారు, క్లచ్ బెల్టు వరస కుదురుతుందా అని అందరూ అడుగుతారు. నేనూ అవే అడిగాను. వేడి సంగతి చివర్లో చూసుకుందామనుకున్నాను. మొదటి వేసవిలోనే, సరస్సు పక్క క్యాంప్‌గ్రౌండ్‌లో చిన్న ఎత్తు ఎక్కుతుండగా ఇంజన్ పట్టేసింది. విప్పి చూస్తే పిస్టన్‌కు ఎగ్జాస్ట్ వైపు నిలువునా గీతలు, సిలిండర్ గోడకు అంటుకుపోయిన అల్యూమినియం. మూడు నెలల శని, ఆదివారాల పని పది నిమిషాల్లో పోయింది. రెండో బండికి ఇంజన్ వెతకక ముందే చల్లబరిచే పద్ధతి ఏదో తేల్చుకున్నాను. మీరూ ఆ వరసలోనే వెళ్లండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంజన్ ఇంకా కొనకపోతే, ఫ్యాన్ కూల్డ్, అంటే సొంత ఫ్యాన్ గాలితో చల్లబడే స్నోమొబైల్ ఇంజనే తీసుకోండి. లిక్విడ్ కూల్డ్, అంటే లోపల తిరిగే నీళ్లతో చల్లబడే ఇంజన్ ఇప్పటికే చేతిలో ఉంటే రేడియేటర్, ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టి బాగానే నడపొచ్చు, కానీ పని రెండింతలు. దాంతో వచ్చే, మంచు తగిలి చల్లబడేలా చేసిన పాత అల్యూమినియం పలకలతోనే సరిపెడదామని మాత్రం అనుకోకండి. నా మొదటి ఇంజన్ ప్రాణం తీసింది అదే.

కార్టుకు మంచూ లేదు, గాలీ లేదు

లిక్విడ్ కూల్డ్ స్నోమొబైల్‌లో మామూలుగా రేడియేటర్ ఉండదు. ట్రాక్ పైన, బండి అడుగున పొడవాటి అల్యూమినియం పలకలుంటాయి. వాటి లోపల కూలెంట్, అంటే ఇంజన్ వేడిని మోసుకొచ్చే ద్రవం, తిరుగుతుంది. ట్రాక్ తిరుగుతూ ఎగజిమ్మే మంచు ఆ పలకలకు తగిలి కరుగుతుంది, కరుగుతూ వేడిని లాగేసుకుంటుంది. ఒక కిలో మంచు కరగడానికే 334 కిలోజౌల్స్ కావాలి. 20 కిలోవాట్ల వేడి తీయాలంటే నిమిషానికి మూడున్నర కిలోల మంచు కరిగితే చాలు. అదే పని గాలితో చేయాలంటే, గాలి 30 డిగ్రీలు వేడెక్కి పోతుందనుకున్నా, కిలో గాలి మోసుకుపోయేది 30 కిలోజౌల్సే. మంచు చేసే పనిలో పదకొండో వంతు. పైగా కిలో గాలి అంటే దాదాపు ఒక ఘనమీటరు చోటు. మంచు మీద కూడా దారి గడ్డకట్టి గట్టిపడితే ఈ ఇంజన్లు వేడెక్కుతాయి. అందుకే మంచు గీరి పైకి చిమ్మే కమ్మీలు బండి కింద బిగించుకుంటారు. మంచు మీదే అంత అవస్థ ఉన్నప్పుడు, జూలై ఎండలో తారు రోడ్డు మీద ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఇక గాలి. మోటార్‌సైకిల్ ఇంజన్ ముందుకు తెరుచుకుని ఉంటుంది, వేగంతో గాలి వస్తుంది. కార్టులో ఇంజన్ సీటు కింద పెట్టెలో, వెనక చక్రాల మధ్య ఉంటుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో ఎదురు గాలి ఒత్తిడి 28 పాస్కల్ దగ్గరే ఉంటుంది. రేడియేటర్ సందుల్లోంచి కావలసినంత గాలిని తోయడానికి అది సరిపోదు. ఆ పెట్టెలోకైతే అదీ చేరదు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. స్నోమొబైల్ క్లచ్ ఇంజన్ వేగం 3,500, 4,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాటితేగాని పట్టుకోదు. కార్టు వెనక యాక్సిల్‌లో గేర్ల తగ్గింపు 12కి 1 దగ్గర ఉంటుంది, అందులోకి వచ్చే 12 చుట్లకు చక్రం తిరిగేది ఒక్క చుట్టే. అంటే బండి నడక వేగంతో పోతున్నా ఇంజన్ నాలుగైదు వేల ఆర్‌పీఎంలో తిరుగుతూనే ఉంటుంది. బండి వేగాన్ని నమ్ముకున్న చల్లదనం ఇక్కడ పనికిరాదు. ఇంజన్ ఎంత తిరిగితే అంత గాలి రావాలి, లేదా బండి ఆగి ఉన్నా వీచే ఫ్యాన్ ఉండాలి.

మన ఊళ్లలో ఈ తేడా కళ్లతో చూసిన వాళ్లే అందరూ. పాత బజాజ్ చేతక్ పెట్రోల్ స్కూటర్ ఇంజన్ పక్క డొప్ప లోపల దాక్కుని ఉండేది. గాలి తగిలే చోటే కాదది. అయినా ఇంజన్‌తో పాటే తిరిగే ఫ్లైవీల్ చక్రం మీది ఫ్యాన్ రెక్కలు, సిలిండర్ చుట్టూ రేకు తొడుగు ఉండటం వల్ల ట్రాఫిక్‌లో గంటసేపు నిలబడినా నడిచేది. యమహా ఆర్‌ఎక్స్ 100 బైకుకు ఆ ఫ్యాన్ లేదు, సిలిండర్ చుట్టూ గాలికి వదిలేసిన ఫిన్లే, అంటే పలచటి లోహపు రేకులే. రోడ్డు మీద పరుగెడుతున్నంతసేపూ హాయిగా ఉండేది, స్టాండ్ వేసి స్టార్ట్‌లో ఉంచితే కాసేపటికే సెగలు కక్కేది. గోల్ఫ్ కార్టు స్థితి చేతక్ స్థితి లాంటిది.

అందుకే 1960ల చివర్లో, 70ల్లో వచ్చిన, ఫిన్లు తప్ప ఫ్యాన్ లేని ఫ్రీ ఎయిర్ ఇంజన్లను చవకగా దొరికినా పక్కన పెట్టండి. పక్కన చిన్న బ్లోయర్ పెట్టి ఊదితే సరిపోతుందని కొందరంటారు. తొడుగు లేకుండా ఊదిన గాలి దగ్గరి ఫిన్లకు తగిలి పక్కకు పోతుంది. సిలిండర్ వెనక భాగం, రెండు సిలిండర్ల మధ్య భాగం కాలుతూనే ఉంటాయి.

ఫ్యాన్ కూల్డ్: నా మొదటి ఎంపిక

ఈ రకంలో ఇంజన్ తిప్పే ఇరుసు (క్రాంక్‌షాఫ్ట్) నుంచి చిన్న బెల్టు మీద ఒక ఫ్యాన్ తిరుగుతుంది. ఆ గాలిని రేకు తొడుగు రెండు సిలిండర్ల ఫిన్ల మీదికి మళ్లిస్తుంది. నీళ్లు లేవు, పంపు లేదు, హోస్ పైపుల్లేవు, కరెంటుతో పని లేదు. ఇంజన్ 5,000 తిరిగితే ఫ్యాన్ కూడా దానికి తగ్గట్టు తిరుగుతుంది. కార్టులో ఇంజన్ ఎప్పుడూ ఎక్కువ ఆర్‌పీఎంలో ఉంటుందని పైన చెప్పిన ఇబ్బంది, ఈ ఫ్యాన్‌కు మాత్రం మేలే చేస్తుంది.

ఎండలో పనిచేస్తుందా అన్న అనుమానం నాకూ ఉండేది. రోటాక్స్ కంపెనీ 447, 503 ఇంజన్లు స్నోమొబైల్ కుటుంబానివే. ఫ్యాన్ కూల్డ్ రూపంలో అవి అల్ట్రాలైట్ అనే అతి తేలికైన చిన్న విమానాల్లో వేసవి ఎండల్లో, సగానికి మించిన పవర్‌తో గంటల తరబడి నడిచాయి. కార్టుకు అంత పవర్ అడిగే పనే లేదు. నలుగురు కూర్చున్న 600 కిలోల బండి పది శాతం ఎత్తును గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలన్నా, బెల్టు, గేర్ల నష్టాలన్నీ కలుపుకుని 12 హార్స్ పవర్ దగ్గరే కావాలి. అంటే ఇంజన్ మరీ ఎక్కువ వేడి పుట్టిస్తోందని కాదు, పుట్టిన వేడికి బయటికి దారి లేదు. ఫ్యాన్ కూల్డ్ బండిలో మీరు చేయవలసిన అసలు పని ఆ దారి వేయడమే.

వెతకడానికి పేర్లు కావాలంటే, పోలారిస్ ఇండీ లైట్ 340, ఇండీ ట్రైల్ 488, ఆర్కిటిక్ క్యాట్ పాంథర్ 440, రోటాక్స్ 377, 447, 503 వేసిన పాత స్కీ-డూలు. ఒకటే సిలిండర్ చాలనుకుంటే యమహా బ్రావో 250. నన్నడిగితే కార్టుకు 340 నుంచి 440 సీసీ చాలు. 500 దాటితే వచ్చే అదనపు పవర్‌ను కార్టు వెనక చక్రాల డ్రమ్ బ్రేకులు ఆపలేవు.

కొనేటప్పుడు చూడాల్సింది తొడుగు. స్పార్క్ ప్లగ్‌లు తీయడానికి అడ్డమని పాత యజమానులు తొడుగు ముక్కలు తీసి పారేసి ఉంటారు. ఒక్క ముక్క లేకపోయినా గాలి ఆ సందులోంచి పోతుంది, అవతలి సిలిండర్‌కు చేరదు. ఫ్యాన్‌కు దూరంగా ఉన్న సిలిండరే ముందు పట్టేస్తుంది. తొడుగు విప్పి ఫిన్ల మధ్య చూడండి. షెడ్డులో ఏళ్ల తరబడి పడి ఉన్న ఇంజన్లలో ఎలుకలు గూళ్లు కడతాయి. నా రెండో ఇంజన్ తొడుగులోంచి రెండు గుప్పెళ్ల గడ్డీ, దూదీ తీశాను. ఫ్యాన్ బెల్టును పాతదే ఉంచకండి, కొత్తది వేసి ఇంకొకటి సీటు కింద పెట్టుకోండి. బెల్టు తెగిన సంగతి డ్రైవర్‌కు తెలియదు, ఇంజన్ పట్టేశాకే తెలుస్తుంది.

ఇప్పుడు దారి. ఫ్యాన్ మూతికి బయటి చల్లగాలి నేరుగా అందాలి. సీటు పెట్టెకు ఒక పక్క రంధ్రం కోసి, అక్కడి నుంచి ఫ్యాన్ మూతి దాకా రేకుతోనో, మెత్తటి డక్టుతోనో గొట్టంలా కట్టేయండి. పెట్టె లోపలి గాలినే ఫ్యాన్ పీల్చుకుంటే, తను వదిలిన వేడిగాలిని తనే మళ్లీ పీలుస్తుంది. నిమిషాల్లో ఆ పెట్టె పొయ్యి అవుతుంది. సిలిండర్లు దాటి వచ్చిన గాలికి వెనక వైపో కిందికో వేరే రంధ్రం ఉండాలి, అది లోపలికి వచ్చే రంధ్రం కంటే పెద్దదై ఉండాలి. వేడెక్కిన గాలి ఎక్కువ చోటు తీసుకుంటుంది మరి. ఫ్యాన్ మూతి 20 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే, బయటికి పోయే దారి కనీసం 20 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలన్నది నేను పెట్టుకున్న లెక్క. రెండు రంధ్రాలూ ఒకే పక్క ఉండకూడదు.

గాలి ఎటు పోతోందో తెలుసుకోవడానికి రంధ్రాల అంచున ఊలు దారం ముక్కలు టేపుతో అంటించి, ఇంజన్ తిప్పి చూడండి. లోపలికి పోయే చోట దారం లోపలికి వంగాలి, బయటికి వచ్చే చోట బయటికి ఎగరాలి. అగరొత్తి పొగతో చూద్దామనిపిస్తుంది, కానీ పక్కనే పెట్రోల్ ట్యాంకు ఉంటుంది. నిప్పు దగ్గరికి రానివ్వకండి.

ఫ్యాన్ కూల్డ్‌లో లోటు లేదని కాదు. చప్పుడు ఎక్కువ. ఫ్యాన్ కొంత పవర్ తినేస్తుంది. దుమ్ము, గడ్డి ముక్కలు పీల్చుకుంటుంది, మంచు మీద ఆ బెడద ఉండదు. అందుకని రంధ్రానికి ముతక జాలీ వేసి, నెలకోసారి ఫిన్లు ఊది శుభ్రం చేయాలి. సన్న జాలీ వేస్తే గాలి ఆగిపోతుంది, దోమతెర లాంటిది అసలు వద్దు.

లిక్విడ్ కూల్డ్ ఇంజనే చేతిలో ఉంటే

చాలామందికి ఎంచుకునే వీలుండదు. దొరికిందే ఇంజన్, ఉచితంగా వచ్చిందే ఇంజన్. లిక్విడ్ కూల్డ్ దొరికితే నాలుగు రకాలుగా ఆలోచిస్తారు.

మొదటిది పాత పలకలనే బండి కింద బిగించి, వాటి మీదికి ఫ్యాన్ పెట్టడం. నేను చేసింది ఇదే. ఆ పలకలకు ఫిన్లు చాలా తక్కువ. మంచు నేరుగా తగలడానికి చేసినవవి, గాలికి ఇచ్చే ఉపరితలం చిన్న కారు రేడియేటర్ ఇచ్చేదాంట్లో పదో వంతు కూడా ఉండదు. నీడలో, చదునైన చోట, ఐదు నిమిషాలు తిప్పినప్పుడు బాగుందనిపించింది. అదే నన్ను మోసం చేసింది. లోపలి నీళ్లు వేడెక్కడానికి పట్టే సమయాన్ని చూసి చల్లబడుతోందనుకున్నాను.

రెండోది పెద్ద డబ్బా నిండా నీళ్లు పోసి తిప్పడం. పల్లెల్లో డీజిల్ ఇంజన్ పక్కన నీళ్ల తొట్టి పెట్టినట్టు. కొద్దిసేపు పనిచేస్తుంది. మా దగ్గర నార్త్ బ్రాంచ్ ఊళ్లో ఏటా లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) తర్వాత హే డేస్ అనే వేడుక జరుగుతుంది. అక్కడ గడ్డి మీద స్నోమొబైల్ పందేలు పెడతారు. పరుగు కొన్ని సెకన్లే. ఆ పరుగుకూ పరుగుకూ మధ్య చల్లని నీళ్లున్న తోపుడు బండి తెచ్చి, ఇంజన్‌కు పైపులు తగిలించి చల్లబరుస్తారు. పందేనికి అది సరైన పద్ధతి. కానీ 20 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు చేరడానికి 10 కిలోవాట్ల వేడికి ఎనిమిదిన్నర నిమిషాలు పడుతుంది. కార్టుకు అది చాలదు.

మూడోది రేడియేటర్. లిక్విడ్ కూల్డ్ దారిలో నమ్మదగింది ఇదొక్కటే. దీనికీ విమానాల్లోనే సాక్ష్యం ఉంది. 65 హార్స్ పవర్ రోటాక్స్ 582 లిక్విడ్ కూల్డ్ ఇంజన్. అల్ట్రాలైట్‌లలో దాన్ని రేడియేటర్‌తోనే నడుపుతారు.

నాలుగోది ఆ ఇంజన్‌ను అమ్మేసి, ఆ డబ్బుతో ఫ్యాన్ కూల్డ్ కొనుక్కోవడం. వెల్డింగ్ మొదలుపెట్టకపోతే ఈ దారి గురించి మనసు పెట్టి ఆలోచించండి. లిక్విడ్ కూల్డ్ ఇంజన్లకు స్నోమొబైల్ వాళ్ల దగ్గర గిరాకీ ఎక్కువే.

రేడియేటర్ ఏది, ఎక్కడ

పూర్తి యాక్సిలరేటర్ మీద 20 కిలోవాట్ల వేడి కూలెంట్‌లోకి వస్తుందనుకుందాం. దాన్ని తీయడానికి, గాలి 30 డిగ్రీలు వేడెక్కుతుందంటే, సెకనుకు దాదాపు 0.6 ఘనమీటర్ల గాలి కావాలి. 12 అంగుళాల మంచి ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఒకటి దాదాపు ఆ పని చేయగలదు. కార్టుకు నిజంగా అందులో సగమే అవసరం పడుతుంది కాబట్టి ఒక ఫ్యాన్ చాలు. చిన్న కార్ల సగం వెడల్పు రేడియేటర్, అంటే పాత హోండా సివిక్ లాంటి వాటిది, కొలతకు సరిగ్గా సరిపోతుంది. మోటార్‌సైకిల్ రేడియేటర్ పలచగా, అందంగా ఉంటుంది గానీ అది వేగంలో వచ్చే గాలిని నమ్ముకుని చేసింది. మట్టిదారుల్లో తిరిగే నాలుగు చక్రాల ఏటీవీ రేడియేటర్ దాని కంటే మేలు, ఎందుకంటే ఆ బండి కూడా బురదలో నెమ్మదిగా కష్టపడేదే.

ఫ్యాన్‌ను రేడియేటర్ వెనక పెట్టి గాలిని లాగేలా చేయండి. రేడియేటర్ మొత్తాన్నీ కప్పే తొడుగు తప్పనిసరి. తొడుగు లేకుండా ఫ్యాన్ అతికిస్తే, ఫ్యాన్ ఎదురుగా ఉన్న గుండ్రటి భాగం తప్ప మిగతా రేడియేటర్ ఊరికే ఉన్నట్టే.

చోటు విషయంలో నాలుగు చోట్లూ చూశాను. ముందు బంపర్ వెనక చోటు చల్లటి గాలికి ఉత్తమం, ఇంజన్ వేడికి దూరం. పైపులు పొడవవుతాయి, పోను రాను ఆరేడు మీటర్లు. స్నోమొబైల్ పంపు మామూలుగానే బండి పొడవునా తిప్పుతుంది కాబట్టి ఆ పొడవు దానికి పెద్ద భారం కాదు, 25 మిల్లీమీటర్ల పైపు వాడండి. సీటు వెనక, బ్యాగులు పెట్టే చోట నిలబెడితే పైపులు చిన్నవి, ఎత్తు కూడా ఎక్కువ. నాకు నచ్చిన చోటు అదే. కానీ వేడిగాలి కూర్చున్న వాళ్ల వీపు మీదికి రాకుండా ఫ్యాన్ వెనక్కి ఊదాలి. ఇంజన్ వేడి పైకి లేచి అందులోకే రాకుండా మధ్యలో రేకు అడ్డుపెట్టాలి. కప్పు మీద పెడితే గాలి బాగా తగులుతుంది, కానీ వేడి నీళ్ల పైపులు మనుషుల తలల పక్కగా పోతాయి. పిల్లలు ఎక్కే బండిలో నేను ఆ పని చేయను. బండి కింద పడుకోబెట్టడం అన్నిటికంటే చెడ్డది. మట్టి, రాళ్లు, రోడ్డు వేడి అన్నీ దానికే.

ఎక్కడ పెట్టినా, కూలెంట్ పోసే మూత మొత్తం వ్యవస్థలో అన్నిటికంటే ఎత్తులో ఉండాలి. ముందు బంపర్ దగ్గర రేడియేటర్ ఇంజన్ హెడ్ (సిలిండర్ పైభాగం) కంటే కిందికి ఉంటుంది, కాబట్టి గాలి బుడగ హెడ్‌లోనే ఇరుక్కుంటుంది. అక్కడ నీళ్లుండవు, గేజి మాత్రం మామూలుగానే చూపిస్తుంది. హెడ్ పైనుంచి ఎత్తులో ఒక చిన్న ట్యాంకుకు పైపు వేసి, మూత అక్కడ పెట్టండి. కూలెంట్ సగం నీళ్లు, సగం గ్లైకాల్. అది మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. చలికాలంలో బండి షెడ్డులో ఉంచే మాలాంటి వాళ్లకు ఇది ముఖ్యం. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే చచ్చిపోతాయి. కింద ఒలికితే వెంటనే కడగండి.

ఇంజన్ తగినంత వేడెక్కేదాకా కూలెంట్ దారి మూసి ఉంచే థర్మోస్టాట్‌ను తీసేస్తే ఇంకా చల్లగా ఉంటుందనే మాట వినకండి. స్నోమొబైల్ థర్మోస్టాట్ కారు దానికంటే తక్కువ వేడికే తెరుచుకుంటుంది, దాని వల్ల ఇబ్బంది లేదు. అది లేకపోతే పిస్టన్ వేడెక్కి వ్యాకోచించే సమయానికి సిలిండర్ ఇంకా చల్లగానే ఉంటుంది, ఇంజన్ చలికే పట్టేస్తుంది. రేడియేటర్‌లోని చల్లటి నీళ్లు ఒక్కసారిగా వేడి సిలిండర్‌లోకి వచ్చినా అదే జరుగుతుంది.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది కరెంటు. 12 అంగుళాల ఫ్యాన్ 10 ఆంపియర్ల దాకా తాగుతుంది, అంటే 120 వాట్లు. పాత స్నోమొబైల్‌లో కరెంటు పుట్టించే లైటింగ్ కాయిల్ మొత్తం ఇచ్చేది చాలా వాటిలో 120 నుంచి 160 వాట్లే, అదీ ఎక్కువ ఆర్‌పీఎంలో, అదీ ఏసీ రూపంలో. దాన్ని డీసీగా మార్చే రెగ్యులేటర్ రెక్టిఫైయర్, మంచి బ్యాటరీ పెట్టాల్సిందే. హెడ్‌లైట్లు ఎల్‌ఈడీవి వేస్తే ఫ్యాన్‌కు మిగులుతుంది. ఫ్యాన్‌ను వేడిని బట్టి పడే థర్మల్ స్విచ్‌తో నడిపి, పక్కన చేత్తో వేసే స్విచ్ ఒకటి ఉంచండి. ఇంజన్ ఆపాక కూడా రెండు నిమిషాలు ఫ్యాన్ తిరిగేలా వైరింగ్ చేయండి.

ఇంత పని చదివాక ఫ్యాన్ కూల్డ్ ఎందుకు ముందుంచానో మీకే తెలిసి ఉంటుంది. స్నోమొబైల్ ఇంజనే కావాలన్న పట్టు లేకపోతే మరో మాట. జార్జియాలోని పీచ్‌ట్రీ సిటీలో కార్టుల కోసమే 160 కిలోమీటర్ల దాకా బాటలున్నాయి. అట్లాంటా చుట్టూ ఉన్న మన తెలుగు వాళ్లలో కార్టు మోజు ఉన్నవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. అలాంటి చోట, ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండలో, ఇంటిల్లిపాదీ రోజూ తిరిగే బండికైతే బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ వాన్‌గార్డ్ 23 హార్స్ పవర్ వీ-ట్విన్ (రెండు సిలిండర్ల ఇంజన్) వేయమంటాను. ఫ్యాన్ ఫ్లైవీల్ మీదే ఉంటుంది, ఫోర్ స్ట్రోక్, పొగ లేదు, ఎండలో గంటల తరబడి పనిచేయడానికే చేసిన ఇంజన్. స్నోమొబైల్ ఇంజన్ శబ్దం, ఆ దూకుడు కావాలనుకునే వాళ్లకే మిగతా శ్రమ.

ఏ ఇంజన్‌కైనా తప్పనివి

సైలెన్సర్ వేడిని లెక్కలోకి తీసుకోనివాళ్లే ఎక్కువ. ఈ పాత స్నోమొబైల్ ఇంజన్లు టూ స్ట్రోక్‌వి, పొగ బయటికి పోయే వాటి ఎక్స్‌పాన్షన్ పైపు పెద్దది. స్నోమొబైల్‌లో అది చల్లటి గాలిలో ఉంటుంది. కార్టులో అదే పెట్టెలో, పెట్రోల్ ట్యాంకు పక్కన పడుతుంది. పెట్రోల్ పైపు వేడెక్కితే లోపల ఆవిరి బుడగలు వస్తాయి, కార్బరేటర్‌కు పెట్రోల్ తగ్గుతుంది, మిశ్రమం పలచబడుతుంది, పిస్టన్ కాలుతుంది. ఇంజన్ చల్లగానే ఉన్నా ఇలా పట్టేయవచ్చు. ఎక్స్‌పాన్షన్ పైపుకు వేడి ఆపే పట్టీ (హీట్ ర్యాప్) చుట్టండి. ట్యాంకుకూ ఆ పైపుకూ మధ్య రేకు పెట్టి, రెండు వైపులా వేలు పట్టేంత ఖాళీ వదలండి. సీటు అడుగు చెక్కకు కూడా రేకు కొట్టండి. మంట ఆర్పే సిలిండర్ చేతికందే చోట ఉండాలి.

స్నోమొబైల్‌లో ఎయిర్ ఫిల్టర్ అసలు ఉండదని చాలామందికి తెలియదు. మంచు మీద దుమ్ము లేదు కాబట్టి, చప్పుడు తగ్గించే పెట్టె మాత్రమే ఉంటుంది. కార్టులో నూనెతో తడిపిన ఫోమ్ ఫిల్టర్ పెట్టాల్సిందే. పెట్టాక జెట్టింగ్, అంటే కార్బరేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం (జెట్) సైజు, మళ్లీ చూడాలి. ఆ ఇంజన్ మైనస్ 20 డిగ్రీల చిక్కటి గాలికి సర్ది ఉంటుంది. 30 డిగ్రీల ఎండలో గాలి ఆరో వంతు పలచన, కాబట్టి అదే జెట్‌తో పెట్రోల్ ఎక్కువై పొగ కక్కుతుంది, ప్లగ్ నల్లబడుతుంది. అది సహించదగ్గదే. చిన్న జెట్ వేసి సరిచేశాక, అదే బండిని నవంబర్‌లో బయటికి తీస్తే మాత్రం ప్రమాదం. చల్లటి గాలికి ఆ పెట్రోల్ చాలదు. జెట్ మార్చే ఓపిక లేకపోతే ఒక సైజు పెద్దదే ఉంచండి. టూ స్ట్రోక్‌లో ఎక్కువైన పెట్రోల్ కూడా పిస్టన్‌ను చల్లబరుస్తుంది.

పల్లం దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి ఇంజన్‌ను గిరగిరా తిరగనివ్వకండి. పెట్రోల్‌తో కలిసి వచ్చేదే ఆయిల్. పెట్రోల్ ఆగితే ఆయిల్ కూడా ఆగుతుంది. అప్పుడప్పుడు కాస్త యాక్సిలరేటర్ ఇస్తూ దిగండి.

ఇక గేజి. ఫ్యాన్ కూల్డ్‌కు స్పార్క్ ప్లగ్ వాషర్ స్థానంలో కూర్చునే రింగ్ సెన్సర్ దొరుకుతుంది. రెండు సిలిండర్లకూ పెట్టండి, ఒకదానికే పెడితే రెండోది పోతుంది. రోటాక్స్ 503 విమానం ఇంజన్‌కు ప్లగ్ దగ్గర గరిష్ఠ ఉష్ణోగ్రత 250 డిగ్రీల సెల్సియస్. నేను కార్టులో 220 దాటనివ్వను. రెండు సిలిండర్ల మధ్య తేడా 20 డిగ్రీలు మించితే తొడుగులో సందు ఉందనో, ఒక కార్బరేటర్ పలచగా ఇస్తోందనో అర్థం. లిక్విడ్ కూల్డ్ 582కు కూలెంట్ గరిష్ఠం 80 డిగ్రీలే. కారు గేజి 90 చూపించడం అలవాటైన కంటికి 80 చల్లగానే కనిపిస్తుంది, అలా అనుకోకండి.

బండి పూర్తయ్యాక నీడలో ఐదు నిమిషాలు తిప్పి సంబరపడకుండా, ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం నలుగురిని ఎక్కించుకుని, మీకు దగ్గర్లో ఉన్న ఎత్తును నెమ్మదిగా, ఆపకుండా పదిహేను నిమిషాలు ఎక్కుతూ దిగుతూ ఉండండి. ప్రతి రెండు నిమిషాలకు గేజి అంకె ఒక కాగితం మీద రాసుకోండి. అంకె పెరిగి పెరిగి ఒకచోట నిలబడాలి. పదో నిమిషం తర్వాత కూడా పెరుగుతూనే ఉంటే, ఎంత నెమ్మదిగా పెరుగుతున్నా సరే, బండి ఆపి ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి, తర్వాత ఇంజన్ ఆపేయండి. ఇంటికి తోసుకొచ్చి, వేడిగాలి బయటికి పోయే రంధ్రాన్ని ఇంకా పెద్దది చేసి, మర్నాడు అదే ఎత్తు మీద మళ్లీ చూడండి.